దొడ్డి ఒకటే... గూళ్లు వేరు!

కోడిపెట్ట కింద బాతు గుడ్లు పెట్టి పొదిగించడం మా కార్వేటినగరం వైపు పాత అలవాటే. కోడిపిల్ల 21 రోజులకు గుడ్డు పగలగొట్టుకుని వస్తుంది. బాతుపిల్లకు 28 రోజులు కావాలి. ఆ వారం రోజులూ మా అవ్వ పెట్టను బలవంతంగా లేపి, నాలుగు గింజలు తినిపించి, మళ్లీ గంప కింద మూసేది. పిల్లలు లేచిన నాలుగో నాటికి కుంటలో దిగేవి. గట్టు మీద ఆ తల్లి పెట్టే గోల చూసి తీరాలి!

అవ్వ దొడ్లో ఉండేవి కోళ్లూ బాతులే. ఇప్పుడు వాటి పక్కకు టర్కీలు, గినీ కోళ్లు, కౌజు పిట్టలు చేరాయి. చాలామంది అన్నిటికీ ఒకే గూడు కట్టి, పొడుచుకోకుండా ఉంటే చాలనుకుంటారు. నిజమే, రెండు పుంజులు ఒక చోట ఇమడవు. పందెం పుంజునైతే విడిగా కట్టేయక తప్పదు. గినీ కోళ్లు మేత దగ్గర పెట్టలను తరిమి కొడతాయి. కౌజు పిట్ట బెదిరితే నిట్టనిలువునా లేచి పైకప్పుకు తల కొట్టుకుంటుంది. అయితే ఇవన్నీ కంటికి కనిపించే గొడవలు. భయపడాల్సింది కనిపించనివాటికి.

ఈ సంగతి నాకు ఐదు టర్కీ పిల్లల వల్ల తెలిసింది. తెచ్చి కోళ్లతోపాటే వదిలాను. కొన్నాళ్లకు రెక్కలు వేలాడేసి, గంధకంలాంటి పసుపు రంగు రెట్ట వేస్తూ మూడు పోయాయి. పక్కనే తిరిగే కోళ్లకు ఏమీ కాలేదు. వైద్యుడు దాన్ని నల్లతల జబ్బు అన్నారు. తల నల్లబడటం అన్నిసార్లూ ఉండదు, చెడేది కాలేయం. ఆ జబ్బు చేసే సూక్ష్మజీవి కోడి పేగులోని సన్నటి పురుగు గుడ్లలో దాక్కుంటుంది. రెట్టతో మట్టిలో పడిన గుడ్లు ఏళ్ల తరబడి చావవు. వానపాము వాటిని మింగుతుంది, వానపామును టర్కీ మింగుతుంది. మోసుకొచ్చేది కోడి, చచ్చేది టర్కీ. నెమలికీ, అడవి కౌజుకూ కూడా అది ముప్పే.

అన్నట్టు, సంతలో కౌజు పిట్టలని అమ్మేవి అడవివి కావు, జపాన్ జాతివి. మన అడవి కౌజునో, పూరేడునో, నెమలినో పట్టి గూట్లో పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు.

దాణా సంగతీ అంతే, అక్కడా ముప్పు కంటికి కనిపించదు. మనది చెనక్కాయల సీమ, చెక్కకు కొదవ లేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు ఎందుకో తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, బ్రెజిల్ నుంచి వచ్చిన చెనక్కాయ చెక్కకు బూజు పట్టింది. అఫ్లటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసింది అప్పుడే. కోడి కొంతవరకు తట్టుకుంటుంది, బాతుపిల్ల అస్సలు తట్టుకోదు. వానలో తడిసిన చెక్కను 'కోళ్లు తింటున్నాయి కదా' అని అన్నిటికీ వేసేవాళ్లను నేనే చూశాను. బ్రాయిలర్ దాణాలో కలిపే సాలినోమైసిన్ కూడా టర్కీలకు విషమే.

బాతు నీళ్లు చిమ్మి ఊకంతా తడి చేస్తుంది. తడి ఊకలో కోడిపిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి. పైగా బర్డ్ ఫ్లూ వైరస్‌ను ఏమీ ఎరగనట్టు మోయగల పక్షి బాతు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, మరుసటేడు గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు ఏం చేసిందో అందరం చూశాం.

అందుకే ఇప్పుడు మా దొడ్లో టర్కీలది కోడి కాలు పెట్టని కొత్త నేల. బాతులు కిందికి, నీళ్లు పారే వైపు. కౌజులు ఎత్తు మీద, జాలీ పెట్టెల్లో. సంత నుంచి ఏది తెచ్చినా నెల రోజులు విడిగా ఉంచుతాం. కోడిపిల్లలకు ఏడో రోజున లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులు సూది తప్పవు. పొద్దున్నే మేత ముందు టర్కీలకు, కోళ్లకు చివర. ఇటు చెప్పులు అటు పోకూడదని రెండు జతలు పెట్టుకున్నా. మొన్న ఒక జతలో ఎడమది మా కుక్క ఎత్తుకుపోయింది. ఆ పూట టర్కీల దగ్గరికి ఒట్టి కాళ్లతోనే పోయాను, తొట్టి దగ్గర రెండుసార్లు కడుక్కుని.