గోడంత తెర, ఆవగింజంత దీపం: ఎల్‌ఈడీ వాల్‌పై అపోహలు – వాస్తవాలు

తలంబ్రాల వేళ మొదటి వరుసలో కూర్చున్న పెద్దలకు ఎల్‌ఈడీ వాల్ మీద పెళ్ళికూతురి ముఖం చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అదే క్షణాన హాలు చివర, భోజనాల గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళకు అదే ముఖం కడిగిన ముత్యంలా ఉంటుంది. ముందువాళ్ళు “ఇదేం స్క్రీనండీ” అంటారు, వెనకవాళ్ళు “భలే ఉంది” అంటారు. ఇద్దరి మాటా నిజమే.

పెళ్ళిళ్ళు, బహిరంగ సభలు, సినిమా వేడుకలు, గుడి ఉత్సవాలు... ఎల్‌ఈడీ తెర లేని వేడుక మన ఊళ్ళలో ఇప్పుడు అరుదు. అద్దెకు తీసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేవి మాత్రం రెండే ప్రశ్నలు: ఎన్ని అడుగులు, ఎంత రేటు? బొమ్మ ఎలా ఉంటుందో తేల్చే విషయం ఆ రెండింటిలోనూ లేదు. అంత డబ్బు పోసి కూడా జనం సరైన బొమ్మ చూడలేకపోతున్నారన్నదే నా బాధ.

అపోహ: ఇంట్లో ఎల్‌ఈడీ టీవీ లాంటిదే ఇదీ, కాకపోతే పెద్దది.

పేరు ఒకటే, పని వేరు. ఇంట్లో మనం ఎల్‌ఈడీ టీవీ అంటున్నదాంట్లో చాలావరకు బొమ్మ చూపేది ఎల్‌సీడీ పొర. ఎల్‌ఈడీలు ఆ పొర వెనక వెలుతురిచ్చే దీపాలు మాత్రమే. వాల్‌లో అలా కాదు, అక్కడ దీపాలే బొమ్మ. ఆవగింజంత గూట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు ఉంటాయి. ఆ మూడింటి పాళ్ళు మారితే రంగు మారుతుంది. అలాంటి గింజలు వరుసలుగా పేరిస్తే మాడ్యూల్, మాడ్యూళ్ళు బిగిస్తే క్యాబినెట్, క్యాబినెట్లు పేరిస్తే వాల్. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా అపోహలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అపోహ: తెర ఎంత పెద్దదైతే బొమ్మ అంత స్పష్టంగా ఉంటుంది. 4కే వీడియో వేస్తే ఇక తిరుగే లేదు.

లెక్క వేసి చూద్దాం. అద్దె వాల్స్‌లో బాగా తిరిగే రకం పీ3.91. అంటే ఒక చుక్క నడుమ నుంచి పక్క చుక్క నడుమకు 3.91 మిల్లీమీటర్ల దూరం. దీన్నే పిచ్ అంటారు. అర మీటరు చదరంగా ఉండే క్యాబినెట్‌లో అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు పడతాయి. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఐదు క్యాబినెట్లు కడితే 4 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. మన భాషలో పదమూడు అడుగులకు ఎనిమిది అడుగుల తెర. అందులో మొత్తం చుక్కలు 1024 × 640, అంటే 6,55,360.

ఇప్పుడు జేబులోంచి ఫోను తీయండి. 1080 × 2400 తెర ఉన్న మామూలు ఫోనులో పాతిక లక్షలకు పైగా చుక్కలున్నాయి. అరచేతిలోని తెరకు ఉన్న వివరంలో నాలుగో వంతు మాత్రమే ఆ గోడకుంది. 4కే వీడియోలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. వాటిని ఆరున్నర లక్షల్లో కుదించాలంటే పన్నెండింట పదకొండు వంతులకు పైగా వదిలేయాల్సిందే. పీ3.91తో ఫుల్ హెచ్‌డీ బొమ్మను చుక్కకు చుక్క చూపాలంటేనే ఏడున్నర మీటర్ల వెడల్పు వాల్ కావాలి.

అలాగని ఏ వీడియో ఇచ్చినా ఒకటే అనుకోకూడదు. ప్రీ వెడ్డింగ్ వీడియోను వాట్సాప్‌లో పంపిస్తే అది దారిలోనే నలిగి చిన్నదైపోతుంది. ఫోనులో కనపడని ఆ నలుగుడు వాల్ మీద చదరాలు చదరాలుగా బయటపడుతుంది. మాట మాత్రం స్క్రీన్ పెట్టినతనికి వస్తుంది. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాల్ కొలత ముందే కనుక్కుని వీడియోను ఆ నిష్పత్తిలోనే చేయించండి. అడ్డంగా బాగా పొడవున్న తెర నిండా సాగదీస్తే ముఖాలన్నీ వెడల్పైపోతాయి.

అపోహ: పిచ్ ఎంత తక్కువైతే అంత మంచిది.

చూసేవాళ్ళు దగ్గరగా ఉంటేనే అది నిజం. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. ఆ లెక్కన 3.91 మిల్లీమీటర్ల ఎడం దాదాపు పదమూడున్నర మీటర్ల దూరంలో, అంటే నలభై నాలుగు అడుగుల దగ్గర కలిసిపోతుంది. రోడ్డు పక్క పీ10 బోర్డు చుక్కలు కలవడానికి ముప్పై నాలుగు మీటర్లు కావాలి. చుక్కలు పూర్తిగా కలవకపోయినా బొమ్మను హాయిగానే చూడొచ్చు. పిచ్ ఎన్ని మిల్లీమీటర్లో కనీసం అన్ని మీటర్ల దూరం ఉంచాలని ఈ పని చేసేవాళ్ళు చెప్పే లెక్క అందుకే ఉంది.

మైదానంలో సభ పెట్టి, అందరికంటే ముందున్న మనిషే అరవై అడుగుల అవతల ఉంటే, పీ2.6 వాల్‌కు ఎక్కువ డబ్బు కట్టడం దండగ. అదే డబ్బుతో తెరను పెద్దది చేయిస్తే వెనక నిలబడ్డవాళ్ళకు ముఖాలు ఆనతాయి. హాలు చిన్నదై, మొదటి కుర్చీ పది అడుగుల్లోనే ఉంటే మాత్రం పీ2.6కు పెట్టిన ప్రతి రూపాయీ కంటికి కనిపిస్తుంది.

అపోహ: బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెడితేనే బొమ్మ బాగుంటుంది.

వెలుతురును నిట్లలో కొలుస్తారు. ఎండ తగిలే తెరకు 5000 నిట్లు, అంతకు పైన కావాలి. హాల్లో 600 నుంచి 1000 చాలు. హాల్లో దాన్ని మించి పెంచితే ముందు వరుసలవాళ్ళు కళ్ళు చికిలిస్తారు, తెల్లచొక్కా మీది మడతలు మాయమవుతాయి, వేదిక మీద నిజంగా నిలబడ్డ మనుషులు నల్లగా తేలతారు.

బాగా తగ్గించడంలోనూ చిక్కుంది. మామూలు వీడియోలో ఒక్కో రంగుకు చీకటి నుంచి పూర్తి వెలుగు దాకా 256 మెట్లుంటాయి. చవకరకం వాల్‌ను పది శాతానికి దించితే ఆ మెట్లు ఇరవై ఐదుకు కుంచించుకుపోతాయి. జడలోని నీడలన్నీ ఒకే నల్లటి ముద్దవుతాయి, సాయంత్రపు ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. మంచి ప్రాసెసర్, మంచి డ్రైవర్ చిప్పులు ఉన్న వాల్‌లో మెట్లు వేలల్లో ఉంటాయి కాబట్టి తగ్గించినా నునుపు చెడదు. తెరను పరీక్షించాలనుకుంటే గలగలలాడే రంగుల వీడియో అడగకండి. ముదురు బూడిద రంగు ఒక్కటే వేసి చూపమనండి. వాల్ లోపాలన్నీ అక్కడే తేలిపోతాయి.

ఇక నలుపు. నలుపును ఏ దీపమూ వెలిగించలేదు, దీపాలు ఆరితే మిగిలే తెర ముఖమే నలుపు. దాని మీద డెకరేషన్ వాళ్ళ ఫోకస్ లైటు పడితే నలుపు బూడిదైపోతుంది, రంగులన్నీ వెలిసిపోయినట్టుంటాయి. అప్పుడు చేయాల్సింది బ్రైట్‌నెస్ పెంచడం కాదు, ఆ లైటును పక్కకు తిప్పడం. బయట పెట్టే మాడ్యూళ్ళను దగ్గరగా చూస్తే ప్రతి దీపాల వరుస పైనా నల్లటి ప్లాస్టిక్ చూరు కనిపిస్తుంది. ఎండ నేరుగా దీపం ముఖాన పడకుండా ఆపేందుకే అది. ఇంటికి చూరు ఎందుకో దీనికీ అందుకే.

అపోహ: ఫోనులో తీస్తే గీతలు వస్తున్నాయంటే స్క్రీన్ పాడైనట్టే.

పాడవలేదు. ఈ దీపాలు నిలకడగా వెలగవు, సెకనుకు వందల, వేల సార్లు వెలిగి ఆరుతుంటాయి. కంటికి అది తెలియదు. కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకుంటే కొన్ని వరుసలు వెలిగీ, కొన్ని ఆరీ దొరుకుతాయి. అవే ఆ నల్లగీతలు. లైవ్ కెమెరాలు పెట్టే వేడుకకు 3840 హెర్ట్జ్ రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకు 3840 సార్లు వెలిగి ఆరే వేగం ఉన్న వాల్ అడగాలి. దానివల్ల వీడియోలో కదలిక నునుపెక్కుతుందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. సెకనుకు 25 ఫ్రేములతో తీసిన వీడియో 25 ఫ్రేములతోనే నడుస్తుంది.

అలలు అలలుగా తేలే రంగుల చారలది వేరే కథ. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేస్తే లేని చారలు పుట్టుకొస్తాయి కదా, అదే ఇది. వాల్ చుక్కల వల ఒకటి, కెమెరా సెన్సర్ వల రెండోది. కెమెరామన్ రెండడుగులు జరిగినా, ఫోకస్‌ను మనిషి మీద ఉంచి తెరను కాస్త మసకబార్చినా పోతాయి.

అపోహ: రంగులు తేడాగా ఉంటే ప్యానెళ్ళు మార్చాల్సిందే.

ముందు ఏ రంగు తగ్గిందో చూడాలి. ఎరుపు దీపం ఒక జాతి, నీలం ఆకుపచ్చ మరో జాతి. కంటికి కనిపించే ఎరుపు ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేశాడు. గాలియం నైట్రైడ్‌తో బాగా వెలిగే నీలం కోసం షూజీ నకమురా 1993లో సాధించేదాకా ఆగాల్సొచ్చింది. ఆ నీలానికే అకసాకి, అమానోలతో కలిపి 2014లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. పాతకాలపు బోర్డులన్నీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చల్లోనే ఉండటానికి కారణం నీలం అంత ఆలస్యంగా రావడమే.

జాతులు వేరు కాబట్టి గుణాలూ వేరు. వేడెక్కితే ఎరుపే ముందు నీరసిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఆరుబయట వాల్ మీద ముఖాలు పాలిపోయి నీలివైపు మొగ్గితే అది ఎండ దెబ్బ. దీనికి తిరగబడ్డ రోగం మరొకటి ఉంది. లోపలి 5 వోల్టుల సప్లయ్ బలహీనపడినా, వైరు సన్నగా ఉన్నా, ఎక్కువ వోల్టేజీ కావాల్సిన నీలం, ఆకుపచ్చ ముందు తగ్గుతాయి. తెల్లటి బొమ్మ ఒక మూల ఎర్రగా, గులాబీగా తిరుగుతుంది. అక్కడ మార్చాల్సింది ప్యానెల్ కాదు, పవర్ సప్లయ్ లేదా వైరు.

గళ్ళు గళ్ళుగా కనిపిస్తే మాత్రం వేర్వేరు బ్యాచ్‌ల క్యాబినెట్లు కలిపి కట్టారనుకోవచ్చు. విడిగా చూస్తే తెలియని తేడా పక్కపక్కన పెడితే కొట్టొచ్చినట్టుంటుంది. క్యాలిబ్రేషన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: తెలుగు అక్షరాలు ఎల్‌ఈడీ బోర్డుకు నప్పవు, ఇంగ్లిషే మేలు.

ఇది వింటే నాకు నిజంగా మనసు కష్టంగా ఉంటుంది. లోపం అక్షరంలో లేదు, వరుసల లెక్కలో ఉంది. దుకాణాల ముందు అక్షరాలు పాకే బోర్డుల్లోని పీ10 మాడ్యూల్‌లో అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కలుంటాయి. ఇంగ్లిషు పెద్దక్షరానికి ఏడు వరుసలు చాలు. మరి “లక్ష్మి” రాయాలంటే? చివరి అక్షరానికి పైన గుడి, మధ్యలో క, కింద ష వత్తు, మ వత్తు. గుడికి మూడు నాలుగు వరుసలు, వత్తులకు ఐదారు పోతే అక్షరం ఒంటికి మిగిలేవి ఆరు నుంచి ఎనిమిదే. ద, ధ తేడా అడుగున ఒక్క చిన్న గీతే, అంటే ఒకటి రెండు చుక్కలు. ఒక్క దీపం ఆరినా ధనం దనమవుతుంది.

కొన్ని బోర్డుల సాఫ్ట్‌వేర్ తెలుగును కూర్చడం తెలియక వత్తును పక్కకు విసిరేస్తుంది. అలాంటప్పుడు మాటను కంప్యూటర్‌లో బొమ్మగా చేసి ఎక్కించాలి. లావుపాటి అక్షరాలు వద్దు. వెలుగు ఒలికి వ, మ, ద లోపలి ఖాళీలు పూడిపోతాయి. గీత సమానంగా, కాస్త సన్నగా ఉండే ఫాంటును ఎంచుకుని బ్రైట్‌నెస్ తగ్గించాలి.

అన్నిటికంటే సులువైన మందు, మాడ్యూళ్ళను ఒకదాని మీద ఒకటి రెండు వరుసలుగా బిగించడం. ఎత్తు 16 చుక్కల నుంచి 32 అవుతుంది. 16లో ముద్దగా కనిపించిన “క్ష్మి”లో గుడి గుడిగా, ష వత్తు ష వత్తుగా, దాని పక్కన మ వత్తు విడిగా నిలబడతాయి. రోడ్డు అవతల నుంచి కూడా చదువుకోవచ్చు.