పదకొండో పేజీలో మన ఊరు

మా ఇంట్లో పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేలోగా సగం వంటింటి అరల్లోకి చేరతాయి. రెండేళ్ల కిందట దసరా ముందు మా వదిన అరలన్నీ కడిగి, పప్పు డబ్బాల కింద కాగితాలు పరుస్తూ నన్ను కేకేసింది. "బాబూ, ఇటు సూడు. ఇది మన ఊరి పేరే కదేటి?"

అది జిల్లా ఎడిషన్‌లో పదకొండో పేజీ. టెండరు ప్రకటనలు, పేరు మార్పు ప్రకటనలు, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల మధ్య అరచేయంత పెట్టె ఉంది. చీమ తలకాయంత అక్షరాలు. ఫలానా గ్రామంలో, ఫలానా సర్వే నంబర్లలో నెలకొల్పదలచిన పరిశ్రమ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని, అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా పంపవచ్చని దాని సారాంశం. ఆ సర్వే నంబర్లలో మా చెరువు ఆయకట్టు ఉంది. పేపరు వచ్చి 26 రోజులైంది. సభకు ఇంక నాలుగు రోజులే ఉన్నాయి.

ఆ 26 రోజులూ ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. ఆ పేపరు చదివి మడిచి పెట్టింది నేనే. అసెంబ్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో పొల్లుపోకుండా చదివాను. మా ఊరి సంగతి మాత్రం చదవలేదు.

నేను విలేకరిని కాను, శాస్త్రవేత్తను కాను. ఉత్తరాంధ్ర తీరంలో ఒక మండలంలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్లకు పైగా పొద్దున్నే రెండు తెలుగు పేపర్లు చదవడం అలవాటు. ఆ చదివే హక్కుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మన నేల, నీరు, గాలి గురించి మన పత్రికలు, టీవీలు చెప్పేదంతా ప్రమాదం జరిగాకో, తుపాకీ పేలాకో, పార్టీలు తిట్టుకున్నాకో వస్తుంది. మామూలు మనిషి మాటకు చట్టం విలువిచ్చే రోజు ఒకటుంది. ఆ రోజున మాత్రం వార్త ఉండదు, ప్రకటన ఉంటుంది.

చట్టం ఏం చెబుతోందో ఆ నాలుగు రోజుల్లోనే నేర్చుకున్నాను. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులు చాలావాటికి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన వేయాలి. సభ నిర్వహించేది కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత కలెక్టరుదో, ఆయన తరఫున వచ్చే పెద్ద అధికారిదో. సభ మొత్తం వీడియో తీయాలి. వచ్చినవాళ్లు ఏమడిగినా కంపెనీ జవాబు చెప్పాలి. చివర్లో ఎవరేమన్నారో తెలుగులో చదివి వినిపించి సంతకం చేయాలి. పేపరు చేరని ఊళ్లలో డప్పు వేసి చాటింపు వేయించాలని కూడా అందులోనే రాశారు. దాన్ని రాసినవాళ్లకు ఊరంటే ఏమిటో తెలుసుననిపించింది. ఇంత మంచి నిబంధన ఉండి కూడా, పేపరు చేరే ఊరికి చాటింపు లేదు, వచ్చిన పేపర్లో అక్షరం కనబడదు.

కంపెనీ నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలు. దాని తెలుగు సారాంశాన్ని మండలాఫీసులో కూర్చుని ఒక పూటంతా చదివాను. అందులో మా ప్రాంతపు చెట్ల జాబితా ఉంది. వేప, తుమ్మ, సరుగుడు, తాటి అన్నీ ఉన్నాయి, మొగలి పొద ఒక్కటే లేదు. మా గెడ్డకు, అంటే వాగుకు, రెండు పక్కలా కిలోమీటర్ల పొడవున ఉండేదే మొగలి. వానాకాలంలో ఆ పూలు కోసి అమ్ముకుని పిల్లల పుస్తకాలు కొనే ఆడవాళ్లు మా ఊళ్లో ఇరవై మందికి తక్కువుండరు. గెడ్డ ఒడ్డుకు వచ్చి చూసినవాడెవడైనా మొగలిని వదిలి జాబితా రాయలేడు. వాళ్లు రాలేదని ఆ జాబితా చూస్తేనే తెలిసిపోయింది.

సభ రోజు పెద్ద శామియానా వేశారు. ముందు వరసల కుర్చీల్లో మాకు తెలియని మొహాలు. బారికేడ్ల పక్కన పోలీసులు. మా ఊరివాళ్లు ఒక్కొక్కరే వెనక నుంచి వచ్చి మైకు పట్టుకున్నారు. గెడ్డలో వల వేసుకునే ఒక పెద్దాయన, మీరు వదిలే నీళ్లు ఎంత వేడిగా ఉంటాయి, ఆ వేడికి రొయ్య పిల్ల బతుకుతుందా అని అడిగాడు. ఆ రోజు విన్నవాటిలో అంత శాస్త్రీయమైన ప్రశ్న ఇంకొకటి లేదు. నేను మొగలి సంగతి చెప్పాను. అధికారులు రాసుకున్నారు, కెమెరా తిరిగింది.

మర్నాడు రెండు పేపర్లూ తెప్పించి ముందు నుంచి వెనక దాకా వెతికాను. ఒకదానిలో ఏమీ లేదు. రెండోదానిలో ఐదు వరసలు, పైన శీర్షిక: ప్రశాంతంగా ముగిసిన ప్రజాభిప్రాయ సేకరణ. రొయ్య పిల్ల లేదు, మొగలి లేదు. మేము కుర్చీలు విసిరి ఉంటే మొదటి పేజీలో ఫొటో వచ్చేది. మర్యాదగా, వరసలో నిలబడి, చట్టం చెప్పినట్టు మాట్లాడాం కనుక అది వార్త కాలేదు. ఆ ఒక్క మాట, 'ప్రశాంతంగా', నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఇది మా ఒక్క ఊరి కథే అయితే ఇంత రాయను. సోంపేట గుర్తుందా? శ్రీకాకుళం జిల్లా బీల ప్రాంతంలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కడతామన్నారు. వరి, చేపలు, పశువుల మేత అన్నిటికీ ఆధారమైన తంపర, అంటే చిత్తడి భూమి అది. కాగితాల్లో మాత్రం పనికిరాని నేల. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం వద్దన్నారు. మత్స్యకారులు, రైతులు నెలల తరబడి దీక్షల్లో కూర్చున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అప్పుడు రాష్ట్రమంతా సోంపేట పేరు మోగింది. సరిగ్గా ఆ రోజునే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అని జనం ముందు నుంచీ చెబుతున్నదే చివరికి నిలబడింది. నా మటుకు నాకు ఆ రోజుల నుంచి గుర్తున్నది తుపాకీ, లాఠీ, పొగ. తీర్పు సంగతి చాలా రోజుల తర్వాత ఒకాయన చెబితే తెలిసింది. రెండు పేపర్లు చదివే నాకే! బీల అంటే ఏమిటో, అక్కడ ఏం పండుతుందో, ఏ చేప దొరుకుతుందో 2009లోనే ప్రతి ఇంటికీ తెలిసి ఉంటే, ఆ మనుషులు చావాల్సి వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఏడాది తిరక్కుండా, 2011 ఫిబ్రవరిలో, అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో విద్యుత్ కేంద్రం మీదా అలాగే కాల్పులు జరిగాయి.

విశాఖ ఎల్జీ పాలిమర్స్ సంగతి ఇంకో రకం. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్.వెంకటాపురం మీద కమ్మేసింది. నిద్రలో ఉన్నవాళ్లు రోడ్ల మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు. ఆ దృశ్యాలు చూపించడంలో మన టీవీలు లోటు చేయలేదు, అందుకు తప్పు పట్టను. కానీ తమ ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019 మేలో ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. ప్రమాదానికి ఏడాది ముందు మాట ఇది. జనం పోయాక ఆ కాగితం బయటికొచ్చింది. ముందే ఒక్క విలేకరి దాన్ని చదివి నాలుగు వరసలు రాసి ఉంటే? ఈ ప్రశ్న వేసేది నిందించడానికి కాదు. ఆ పని ఎవరి ఉద్యోగమో ఏ పత్రికా ఆఫీసులోనూ నిర్ణయమై లేదని చెప్పడానికి. సినిమాకు ఒకరుంటారు, నేరాలకు ఒకరుంటారు, ప్రతి పార్టీకీ ఒకరుంటారు. గాలికీ నీటికీ ఎవరున్నారు?

మండల విలేకరి ఉన్నాడు కదా అంటారు. అతని సంగతి నాకు తెలుసు, నా దగ్గర చదువుకున్న కుర్రాళ్లే ఇద్దరు ఆ పని చేశారు. జీతం ఉండదు, రాసినదానికి లైన్ అకౌంట్ కింద వచ్చేది పెట్రోలుకు చాలదు. పైగా పండగ వస్తే ప్రకటనలు తేవాలి. మండలంలో ప్రకటన ఇచ్చే స్తోమత ఎవరికుంటుంది? ఫ్యాక్టరీకి, రొయ్యల చెరువుల యజమానికి, క్వారీకి. ఉగాదికి ఎవరి గుమ్మం ఎక్కాలో వాళ్ల మీద శ్రీరామనవమికి ఎలా రాస్తాడు? ఆ కుర్రాడి ధైర్యాన్ని అడిగే ముందు అతనికి జీతం ఇవ్వాలి.

ఇంకో గోడ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1989లో 'ఈనాడు' మొదలుపెట్టినప్పటి నుంచి జిల్లా ఎడిషన్లు మన ఊళ్లకు ఎంతో మేలు చేశాయి. మా ఊరి బోరు పాడైతే పేపర్లో వస్తుందని అంతకు ముందు ఎవరు ఊహించారు? కానీ కాలుష్యం వార్త కూడా జిల్లా గీత దాటడం మానేసింది. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటూ 1980ల నుంచే పరిశ్రమల కాలుష్యం మీద పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు పేరు మా తీరంలో ఎందరికి తెలుసు? 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురికినీటి శుద్ధి కేంద్రం వదిలే నీటిని పరీక్షించి, ఒక్క సిప్రోఫ్లాక్సాసిన్ మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ప్రపంచ పత్రికలు రాశాయి. అలాంటి మందుల కంపెనీలే మా తీరానికి వస్తున్నప్పుడు పటాన్‌చెరు, అక్కడి నక్కవాగు మాకు పాఠాలు కావాలి. సంగారెడ్డి పేజీలో వచ్చింది శ్రీకాకుళం పేజీలో రాదు. సోంపేట నేర్చుకున్నది పటాన్‌చెరుకు అందదు.

రాజకీయం మాట కూడా చెప్పాలి. మన పత్రికల్లో ఏది ఎటువైపో చదువరులందరికీ తెలుసు. అధికారంలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఒకే కొండ తవ్వకం ఒక పేపర్లో దోపిడీ, ఇంకో పేపర్లో అభివృద్ధి. ప్రభుత్వం మారగానే మాటలు అటుదిటు అవుతాయి. కొండ మాత్రం తరుగుతూనే ఉంటుంది. కంచ గచ్చిబౌలి చూడండి. హైదరాబాద్ యూనివర్సిటీని ఆనుకుని 400 ఎకరాలు, ఇరవై ఏళ్లు కోర్టుల్లో నలిగిన భూమి. 2025 మార్చి 30న, ఉగాది నాడు, బుల్డోజర్లు దిగాయి. సుమారు వంద ఎకరాల్లో చెట్లు కూలాక ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. విద్యార్థులు లేకపోతే అదీ జరిగేది కాదు. తర్వాత ఏమైంది? కృత్రిమ మేధతో చేసిన నెమళ్ల, జింకల బొమ్మలు ఎవరు పంచారన్న గొడవ రోజుల తరబడి చర్చల్ని మింగేసింది. దొంగ బొమ్మలు తప్పే. కానీ ఆ యూనివర్సిటీ ప్రాంగణంలో నిజమైన నెమళ్లున్నాయి, నిజమైన జింకలున్నాయి, హైదరాబాద్ పేరు పెట్టుకున్న మురీషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు దొరికింది కూడా అక్కడే. ఇరవై ఏళ్లలో ఒక్క ఆదివారం ఆ జీవుల అసలు ఫొటోలు పేజీ నిండా వేసి ఉంటే దొంగ బొమ్మల అవసరం ఎవరికి పడేది?

మీడియా తలచుకుంటే ఏం చేయగలదో కూడా చూశాం. 2019లో నల్లమల యురేనియం అన్వేషణ మీద పత్రికలు, టీవీలు, సినిమావాళ్లు ఒక్క గొంతుతో పలికాక, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అమ్రాబాద్ చెంచుల మాట అప్పుడు హైదరాబాద్ దాకా వినబడింది.

ప్రకటనకూ సభకూ మధ్య ఉండాల్సిన ఆ 30 రోజుల గడువు కూడా భద్రంగా లేదు. 2020లో లాక్‌డౌన్ నడుస్తుండగా కేంద్రం కొత్త ముసాయిదా తెచ్చి ఆ గడువును 20 రోజులకు కుదించాలని చూసింది. అది ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే వచ్చింది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న అన్ని షెడ్యూల్డ్ భాషల్లో ఇవ్వమని ఆదేశిస్తే, ప్రభుత్వం ఆ ఆదేశాన్ని సవాలు చేసింది. మా ఊరి మీద నిర్ణయాన్ని మా భాషలో చెప్పమంటే కోర్టుకెళ్లిన రోజు అది. ముసాయిదా ముసాయిదాగానే ఆగింది. ఆ ఆలోచన పోయిందని నేను అనుకోను.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన మీ పత్రికకు డబ్బుతో వస్తుంది, వేసుకోండి. అదే రోజు, అదే మండలం పేరుతో, వార్తల పేజీలో చదవగలిగే అక్షరాల్లో నాలుగు వరసలు రాయండి: ఏ పరిశ్రమ, ఎన్ని ఎకరాలు, ఏ నీళ్లు తీసుకుంటుంది, ఏ నీళ్లు వదులుతుంది, సభ ఎప్పుడు. సభ రోజున మనిషిని పంపండి. ఎవరేమడిగారో, కంపెనీ ఏం జవాబు చెప్పిందో రాయండి. 'ప్రశాంతంగా' అన్న మాట వాడకండి.

చదివేవాళ్లకూ ఒక మాట. మా ఊరి ఫైలు ఇంకా నడుస్తోంది. వదిన ఇప్పుడు పేపరు అరలో పరిచే ముందు పదకొండో పేజీ తీసి నా చేతికిస్తోంది. మీ ఇంట్లోనూ ఆ పేజీ చూడండి. మీ ఊరి పేరు కనబడితే ఆ సభకు వెళ్లండి, వెళ్లలేకపోతే అభ్యంతరం రాసి పంపండి. చట్టం ప్రకారం ఆ సభకు కోరం అక్కర్లేదు. ఊరి నుంచి ఒక్కరూ రాకపోయినా సభ జరిగినట్టే లెక్క.