గండిపేట గట్టున గాలం

మా దగ్గర చదువుకుని హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న పిల్లలు కొందరు అమెరికా ముచ్చట ఒకటి చెబుతుంటారు. అక్కడ పడక, పొయ్యి అమర్చిన కారవాన్ బండిని చెరువుగట్టున నిలిపి, రెండు మూడు రోజులు చేపలు పడతారట. అలాంటి విడిది ఇక్కడా కావాలని వీరి కోరిక.

కోరికలో తప్పేమీ లేదు. చేప హలాల్, జబహ్ కూడా అక్కర్లేదు. అయితే ఏ చెరువు?

పక్కనే దుర్గం చెరువు ఉంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చింది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక చుట్టూ పెరిగిన భవనాల మురుగు అందులో చేరింది. 2020లో వచ్చిన తీగల వంతెన దీపాలు చూడ ముచ్చటే గానీ, ఆ నీటి చేపను మేము ఇంటికి తేము.

ఇక గండిపేట. 1908 మూసీ వరద తర్వాత నిజాం ఉస్మాన్ అలీఖాన్ కట్టించిన ఉస్మాన్‌సాగర్ అదే, 1920లో పూర్తయింది. నగరానికి తాగునీరిచ్చే జలాశయం కనుకనే, చుట్టూ 10 కిలోమీటర్ల మేర పెద్ద హోటళ్లు, కాలనీలు, కాలుష్య పరిశ్రమలు కూడదని 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. సరే, యాభై బండ్లు నిలిస్తే వాటి మరుగుదొడ్ల నీరు ఎటు పోతుంది? విడిది అడిగేవారు ముందు ఆ లెక్క చెప్పాలి.

మరో మాట. చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలది. చేపపిల్లలను వదిలి పెంచేది వారే. వారిని అడగకుండా గాలం వేయడం పరాయి తోటలో మామిడికాయ కోసినట్టే. నోరు చీలిన చేపతో ఫోటో దిగి, మళ్లీ నీళ్లలోకి విసిరే సరదా కూడా మాకు రుచించదు.

రాత్రి బస లేకపోతేనేం? ఫజర్ కాగానే సంఘం వారిని అడిగి కూర్చుంటే, జొహర్‌లోపు ఒక బొచ్చెో, రవ్వో దొరకవచ్చు. దొరక్కపోవచ్చు కూడా.