జీప్ ఎత్తు పెంచారు సరే... షాఫ్ట్ సంగతి చూశారా?

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలు బాగుచేశారు. నేను ఫీనిక్స్‌లో కోడ్ రాస్తాను. మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ చేతిలో ఉంది కానీ, స్పానర్ పట్టింది తక్కువే. పోయిన వేసవిలో అమ్మానాన్న ఇక్కడికి వచ్చినప్పుడు నా 2003 జీప్ రాంగ్లర్‌లో వాళ్లని హైవే ఎక్కించాను. గంటకి యాభై మైళ్లు దాటగానే సీటు కింద సన్నగా వణుకు మొదలైంది. నేనేమో టైర్ల బ్యాలెన్సింగ్ అనుకుంటున్నా. నాన్న రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విని, "ఒరేయ్, ఇది టైరు కాదు. యూజే క్రాస్ ఏడుస్తోంది. స్పీడ్ తగ్గించు" అన్నారు.

ఇంటికొచ్చి బండి కిందికి దూరి చూస్తే నిజమే. వెనక షాఫ్ట్ క్రాస్ చుట్టూ తుప్పు పొడి, చేత్తో ఊపితే ఆడుతోంది. ఇంకో నెలలో అమ్మానాన్నతో మోయాబ్ ట్రిప్. హైవే మీద ఆ క్రాస్ తెగి షాఫ్ట్ ఊడిపడితే ఏమవుతుందో తలుచుకుంటేనే చెమట పట్టింది.

అసలు గొడవ ఎక్కడ?

నా జీప్‌ని పాత ఓనర్ 4 అంగుళాలు లేపి, 33 అంగుళాల టైర్లు వేశాడు. చూడ్డానికి అదిరిపోతుంది. కానీ బాడీతో పాటు గేర్‌బాక్సూ, దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేసూ పైకి వెళ్లాయి. వెనక యాక్సిల్ మాత్రం టైర్లని నమ్ముకుని కిందే ఉండిపోయింది. ఈ రెండింటినీ కలిపే షాఫ్ట్ ఏటవాలుగా వేలాడాలి. ఈ మోడల్ వీల్‌బేస్ 93.4 అంగుళాలే కాబట్టి షాఫ్ట్ చాలా పొట్టి. పొట్టి నిచ్చెన గోడకి ఆనిస్తే ఎంత నిటారుగా నిలబడుతుందో ఊహించుకోండి, అదే కథ.

క్రాస్ జాయింట్‌కి పుట్టుకతో ఒక లోపం ఉంది. కోణంలో తిరిగినప్పుడు ఇటువైపు వేగం స్థిరంగా ఉన్నా, అటువైపు వేగం ఒక్కో చుట్టుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 6 డిగ్రీల దగ్గర ఆ తేడా అర శాతమే. 16 డిగ్రీలకి వెళ్తే 4 శాతం పైకి, 4 శాతం కిందికి. 33 టైర్లు, 4.10 యాక్సిల్ రేషియోతో గంటకి 60 మైళ్ల దగ్గర షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,500 చుట్లు తిరుగుతుంది. అంటే 5,000 కుదుపులు! క్రాస్ ఏడవక ఏం చేస్తుంది?

చవక చిట్కాలు

మొదటిది ట్రాన్స్‌ఫర్ కేస్ డ్రాప్. కింది ప్లేటుకి స్పేసర్లు పెట్టి కేసుని ఒక అంగుళం దించుతారు. ముప్పై, నలభై డాలర్లలో అయిపోతుంది. కోణం కాస్త తగ్గుతుంది కానీ, డబ్బు పోసి పెంచుకున్న ఎత్తులో ఒక అంగుళం బండి నడుం దగ్గరే వదిలేసినట్టు. రాళ్లు తగిలేది కూడా అక్కడే.

రెండోది ఇంజిన్ మౌంట్లని ఒక అంగుళం లేపడం. ఇంజిన్ ముందు లేస్తే వెనక కేసు మూతి కిందికి వంగుతుంది. ఫ్యాన్ దాని కవచానికి తగలకుండా చూసుకోవాలి. రెండు అంగుళాల లిఫ్ట్‌కి ఇలాంటివి సరిపోతాయి. నాలుగుకి మాత్రం పైపై పూతే.

అసలు మందు

దీని పేరు స్లిప్ యోక్ ఎలిమినేటర్. పేరు చూసి భయపడొద్దు. కంపెనీ డిజైన్‌లో షాఫ్ట్ ముందు కొస ట్రాన్స్‌ఫర్ కేస్ తోకలోకి జారుతూ ఉంటుంది. ఈ కిట్ ఆ జారుడు ఏర్పాటు తీసేసి, పొట్టి అవుట్‌పుట్ షాఫ్ట్, దాని మీద కదలని యోక్ పెడుతుంది. తోక తగ్గింది కాబట్టి పొడవైన షాఫ్ట్ వేసుకోవచ్చు. పొడవు పెరిగితే కోణం తగ్గుతుంది. ఆ కొత్త షాఫ్ట్ పైకొసన ఒకటి కాదు, జంటగా రెండు క్రాస్‌లు ఉంటాయి. దీన్నే డబుల్ కార్డన్ లేదా సీవీ షాఫ్ట్ అంటారు. కోణాన్ని ఆ రెండూ సగం సగం పంచుకుని, ఒకదాని కుదుపుని ఇంకొకటి చంపేస్తాయి.

ఇంకో లాభం. పాత పద్ధతిలో దారిలో షాఫ్ట్ ఊడితే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కారిపోతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. కిట్ ఉంటే వెనక షాఫ్ట్ విప్పి పక్కన పెట్టి, ఫోర్ వీల్ మోడ్‌లో ముందు చక్రాలతోనే మెల్లగా ఇంటికి రావచ్చు. ఎడారిలో ఈ ఒక్క కారణం చాలు.

ఏ కిట్ తీసుకోవాలి?

హ్యాక్ అండ్ ట్యాప్: ఉన్న అవుట్‌పుట్ షాఫ్ట్‌నే కోసి, మధ్యలో రంధ్రం చేసి, మరలు తొలిచి యోక్ బిగిస్తారు. కేసు విప్పక్కర్లేదు, చవక. కానీ షాఫ్ట్ బలం పాతదే. రంధ్రం వంకరపోతే అంతే సంగతులు. ఎక్కువగా రోడ్డు మీదే తిరుగుతూ, డ్రిల్లింగ్ బాగా వచ్చినవాళ్లకి ఓకే.

పూర్తి కిట్: కేసుని రెండు ముక్కలుగా విప్పి, కొత్త బలమైన షాఫ్ట్ వేస్తారు. అడ్వాన్స్ అడాప్టర్స్, జేబీ కన్వర్షన్స్ లాంటివాళ్లు ఇవి అమ్ముతారు. వీటిలోనే 'సూపర్ షార్ట్' రకం తోకని ఇంకా తగ్గిస్తుంది. 4 అంగుళాలు, ఆపైన లిఫ్ట్, రాళ్ల దారులు ఉంటే ఇదే మంచిది.

అసలు కిట్టే అక్కర్లేనివాళ్లు: మీది రూబికాన్ అయితే ఆగండి. ఆ ట్రాన్స్‌ఫర్ కేస్‌కి కంపెనీ నుంచే కదలని యోక్ వస్తుంది. సీవీ షాఫ్ట్ ఒక్కటి చాలు. పొడవు వీల్‌బేస్ అన్‌లిమిటెడ్ అయితే షాఫ్ట్ పొడవే కాబట్టి ముందు కోణం కొలవండి, తర్వాత కార్డు తీయండి.

నా రెండు తప్పులు

ఒకటి: కిట్, షాఫ్ట్ ఒకేరోజు ఆర్డర్ పెట్టేశాను. '4 అంగుళాల లిఫ్ట్‌కి ఇంత పొడవు' అని ఒక పట్టిక చూసి నమ్మాను. వచ్చిన షాఫ్ట్ ముప్పావు అంగుళం పొడవెక్కువ. అలాగే బిగిస్తే గుంతలో సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు షాఫ్ట్‌కి జారే చోటు మిగలక ట్రాన్స్‌ఫర్ కేస్‌నే పొడుస్తుంది. కోయించడానికి మళ్లీ డబ్బు, ఇంకో వారం. సరైన వరస ఇది: ముందు కిట్ బిగించాలి, బండి నాలుగు టైర్ల మీద నిలబడి ఉండగా యోక్ నుంచి యోక్‌కి కొలవాలి, ఆ తర్వాతే షాఫ్ట్ చెప్పాలి.

రెండోది ఇంకా పెద్దది. అన్నీ బిగించాక బండి తీస్తే వణుకు అలాగే ఉంది! ఏడుపొక్కటే తక్కువ. నాన్నకి డబుల్ కార్డన్ కొత్త. కింద పడుకుని కాసేపు చూసి ఒకటే అడిగారు. "పైన రెండు క్రాస్‌లు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, సరే. కింద ఉన్నది ఒంటరిది కదరా, దాని కోణం ఎవరు చూస్తారు?"

అక్కడే లైట్ వెలిగింది. మామూలు షాఫ్ట్‌లో పై కోణం, కింది కోణం సమానంగా ఉంటే ఒకదాని కుదుపుని ఇంకొకటి కొట్టేస్తుంది. సీవీ షాఫ్ట్‌లో ఆ లెక్క చెల్లదు. కింది క్రాస్ దాదాపు నిటారుగా ఉండాలి. అంటే వెనక యాక్సిల్ మూతిని పైకి తిప్పి షాఫ్ట్ వైపు చూసేలా పెట్టాలి. గ్యాస్ నొక్కినప్పుడు యాక్సిల్ కాస్త పైకి మెలి తిరుగుతుంది కాబట్టి ఒకటి, రెండు డిగ్రీలు కిందికి వదలాలి. దీనికి పొడవు మార్చుకునే కంట్రోల్ ఆర్మ్స్ కావాలి. కిట్ బడ్జెట్‌లో ఇవి కూడా కలుపుకోండి. నాకు కిట్, షాఫ్ట్, ఆర్మ్స్ అన్నీ కలిపి వెయ్యి డాలర్ల దాకా అయింది.

కోణం కొలవడానికి మీ ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు. షాఫ్ట్ మీద, యోక్ చదును మీద ఆనించి అంకె చూడండి. ఇంకో మాట. ఈ మోడల్‌లో టూ వీల్ మోడ్‌లో కూడా ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఏదైనా కొనేముందు దాన్ని విప్పి ఒకసారి నడపండి. వణుకు పోయిందా, దొంగ ముందున్నాడు.

మన దగ్గర థార్, జిప్సీ ఉన్నవాళ్లకి

ఈ కిట్లు మీ బండికి పనికిరావు. జిప్సీలో అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కి అంటుకోకుండా విడిగా ఉంటుంది, దాని చిట్కాలు వేరు. కోణాల లెక్క మాత్రం అన్ని బళ్లకీ ఒకటే. ఇంకో సంగతి, లిఫ్ట్ కిట్ బుక్ చేసేముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్టీవో దగ్గరే కాదు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే.

మోయాబ్ వెళ్లొచ్చాం. ఏడెనిమిది గంటల దారిలో గ్లాసులో టీ తొణకలేదని అమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది. నాన్న మాత్రం ఆగిన ప్రతి పెట్రోల్ బంకులో దిగి, వంగి, క్రాస్ వేడెక్కిందేమో చూసి వచ్చారు. ఇండియా వెళ్లేముందు నాకో గ్రీజు గన్ కొనిచ్చి, "నెలకోసారి" అన్నారు. క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.