లాటెక్ మూస: పలికే దోషాలు, పలకని దోషాలు

ఖమ్మం మైదానం దాటి భద్రాచలం వైపు అడవి అంచుకు చేరేకొద్దీ క్షేత్ర పరిశోధన స్వరూపం మారుతుంది. ఒకవైపు పత్తి, మిరప, మొక్కజొన్న, వరి. మరోవైపు అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతపు ఆయిల్ పామ్ తోటలు. ఇంకొకవైపు కోయ, కొండరెడ్డి రైతుల పోడు భూములు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల, మధిర పరిశోధనా స్థానం, వైరా, కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ పరిధిలోనే ఉన్నాయి. ఇక్కడి ఫలితాలు ఆంగ్లంలో పరిశోధనా పత్రాలుగాను, తెలుగులో విస్తరణ వ్యాసాలుగాను రెండు రూపాల్లో వెలువడాలి. ఈ రెండింటినీ ఒకే మూసలో రాయడానికి లాటెక్ చక్కని సాధనం. అయితే దాన్ని అమర్చుకునేటప్పుడు ఎదురయ్యే దోషాలు రెండు రకాలు. కొన్ని పని ఆపి మనకు చెబుతాయి. మరికొన్ని ఏమీ చెప్పకుండా అచ్చులోకి, అక్కడి నుంచి రైతు చేతికి చేరుతాయి. రెండో రకమే ప్రమాదకరం.

తెలుగుకు ఏ ఇంజను?

డొనాల్డ్ నూత్ 1978లో విడుదల చేసిన టెక్ మీద, 1980వ దశకంలో లెస్లీ లాంపోర్ట్ నిర్మించినది లాటెక్. రచయిత విషయాన్ని, దాని నిర్మాణాన్ని రాస్తాడు. పుట అమరికను మూస చూసుకుంటుంది. పాత ఇంజన్లు రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని రూపొందినవి కావడంతో తెలుగుకు ప్రత్యేక ఏర్పాట్లు అవసరమయ్యేవి. 2004లో జొనాథన్ క్యూ విడుదల చేసిన జీటెక్ యూనికోడ్‌ను, కంప్యూటర్‌లోని సాధారణ ఫాంట్లను నేరుగా స్వీకరించడంతో ఆ ఇబ్బంది తొలగింది. నేడు తెలుగు పత్రానికి జీలాటెక్ లేదా లువాలాటెక్ వాడాలి.

చాలా ఎడిటర్లలోను, ఓవర్‌లీఫ్‌లోను ముందుగా అమర్చి ఉండేది పీడీఎఫ్‌లాటెక్. దానితో తెలుగు ఫైలును నడిపితే ‘ఈ యూనికోడ్ అక్షరం సిద్ధపరచబడలేదు’ అన్న అర్థం వచ్చే సందేశం అక్షరం అక్షరానికీ వస్తుంది. విద్యార్థులు మొదట బెదిరేది ఇక్కడే. ఫైలులో తప్పేమీ లేదు. మెనూలో కంపైలర్‌ను జీలాటెక్‌గా మార్చాలి.

నెట్ అందని చోట స్థాపన

అడవి అంచు గ్రామాల్లో ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. ఓవర్‌లీఫ్ సహరచయితలతో కలిసి రాయడానికి అనువైనదే గాని అది నెట్ మీదనే ఆధారపడుతుంది. మిక్‌టెక్ సాధారణంగా అవసరమైన ప్యాకేజీలను కంపైల్ చేసే సమయంలో దింపుకుంటుంది. నెట్ లేకపోతే పని మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి క్షేత్ర కేంద్రాల్లో పనిచేసేవారు టెక్ లైవ్ పూర్తి స్థాపనను ఎంచుకోవడం మేలు. దాని డిస్క్ ప్రతిరూపం కొన్ని గిగాబైట్లు ఉంటుంది. కళాశాలలో ఒకసారి దింపి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే ఎన్ని కంప్యూటర్లలోనైనా నెట్ లేకుండా స్థాపించవచ్చు. ఫాంట్ ఫైళ్లను సైతం మూస ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచి, ఫైలు పేరుతో పిలవాలి. అప్పుడు ఒక కంప్యూటర్‌లో కుదిరిన పుట మరోచోట చెదరదు.

లిపి అమరిక

మూస ప్రారంభంలో ఫాంట్‌స్పెక్, పాలీగ్లోసియా ప్యాకేజీలను చేర్చాలి. ఫాంట్‌ను ప్రకటించేటప్పుడు లిపి తెలుగు అని స్పష్టంగా పేర్కొనాలి. లేకుంటే వత్తులు అక్షరం కిందికి చేరక, పొల్లులతో విడివిడిగా పడవచ్చు. ‘క్షేత్రం’, ‘శాస్త్రం’ వంటి మాటల్లో ఇది వెంటనే కనిపిస్తుంది. లువాలాటెక్ వాడేవారు దీనితోపాటు రెండరర్‌గా హార్ఫ్‌బజ్‌ను ఎంచుకోవాలి. నోటో సెరిఫ్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్ ఏదైనా సరిపోతుంది. మొక్కల శాస్త్రీయ నామాలు వాలు అక్షరాల్లో ఉండాలి గనుక రోమన్ లిపికి వేరే ఫాంట్ ప్రకటించడం అవసరం.

పాత వ్యాసాలను ఇందులోకి తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం కంటికి తెలుగుగా కనిపించినా, లోపల దాగేది రోమన్ సంకేతాలే. దాన్ని యథాతథంగా అతికిస్తే ఇంజను అభ్యంతరం చెప్పకుండా అర్థం లేని అక్షరాలు ముద్రిస్తుంది. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులను, అంకెలను మూలంతో పోల్చి చూడాలి. ఈ శ్రమకు ఫలం ఉంది: యూనికోడ్‌లో లేని వ్యాసం తెలుగు మాటలతో వెతికేవారికి దొరకదు. అడవి అంచు నేలల గురించి పదిహేనేళ్ల క్రితం రాసిన మంచి వ్యాసం నేటి విద్యార్థికి దొరకకపోతే, అతడు అదే పని మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

పలకని దోషాలు

మొదటిది శాతం గుర్తు. లాటెక్‌లో ఆ గుర్తు తరువాత అదే వరుసలో ఉన్నదంతా వ్యాఖ్యగా లెక్క; అచ్చులో రాదు. ‘సిఫారసు నత్రజనిలో 50% నాటేటప్పుడు, మిగిలినది పిలక దశలోను, అంకురం ఏర్పడే దశలోను వేయాలి’ అని రాస్తే అచ్చులో ‘సిఫారసు నత్రజనిలో 50’ మాత్రమే మిగులుతుంది. పేరా మొత్తం ఒకే వరుసగా టైపు చేస్తే పేరాలోని శేషమంతా మాయమవుతుంది. దోష సందేశం రాదు. శాతం గుర్తుకు ముందు వెనుకగీత పెట్టాలి. తెలుగు పాఠంలో ‘శాతం’ అని అక్షరాల్లో రాయడం మరింత క్షేమం.

రెండోది ఫాంట్‌లో లేని గుర్తు. ప్లస్ ఆర్ మైనస్ గుర్తు గాని, ‘హెక్టారుకు కిలోలు’ అని సూచించే ఘాతాంకపు రుణ గుర్తు గాని ఎంచుకున్న తెలుగు ఫాంట్‌లో లేకపోతే ఇంజను దాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. ఆ విషయం లాగ్ ఫైలులో ఒక వరుసగా మాత్రమే నమోదవుతుంది. ప్రామాణిక దోషం విలువ పక్కన గుర్తు లేకపోతే పట్టికకు అర్థమే మారిపోతుంది. ట్రేసింగ్ లాస్ట్ క్యార్స్ అనే విలువను మూసలో 3గా ఉంచితే, ఇటీవలి టెక్ లైవ్ ప్రతుల్లో ఈ లోపం అసలైన దోషంగా మారి పని ఆపుతుంది. మౌనాన్ని మాటగా మార్చే ఈ ఒక్క వరుస ప్రతి మూసలోను ఉండాలి. ప్రమాణాలను చేతితో టైపు చేయక ఎస్ఐయూనిట్స్ ప్యాకేజీకి, భాస్వరం, పొటాష్ సూత్రాలను ఎంహెచ్‌కెమ్ ప్యాకేజీకి అప్పగిస్తే ఇటువంటి లోపాలు చాలావరకు తగ్గుతాయి.

మూడోది పేర్ల అమరిక. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది. ఆధార గ్రంథాల ప్రోగ్రాము మాత్రం చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. గిడుగు వెంకట రామమూర్తి పేరును అలాగే నమోదు చేస్తే జాబితాలో ‘రామమూర్తి’ కింద చేరుతుంది. ఇంటిపేరు తరువాత కామా పెడితే ఈ చిక్కు తీరుతుంది. పాత బిబ్‌టెక్ తెలుగు అక్షరక్రమాన్ని పాటించదు గనుక బిబ్‌లాటెక్, బైబర్ జంటను వాడాలి. జీలాటెక్, బైబర్, మళ్లీ రెండుసార్లు జీలాటెక్ అన్న వరుసలో నడిపితేనే ఉల్లేఖనలు కుదురుతాయి.

స్థల నామాలు

2014లో భద్రాచలం ప్రాంతపు కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఈ కాలాన్ని దాటి సాగిన ప్రయోగాల్లో ఒకే గ్రామం రెండు జిల్లాల పేర్లతో కనిపించవచ్చు. గ్రామం, మండలం, జిల్లా పేర్లను మూస ఆరంభంలో ఒక్కొక్క ఆదేశంగా నిర్వచించి, పాఠంలో ఆ ఆదేశాన్నే వాడితే మార్పు ఒక్కచోట చేస్తే సరిపోతుంది. జీలాటెక్ తెలుగు వర్ణాలను కూడా ఆదేశపు పేరులో భాగంగా చదువుతుంది. అందువల్ల ఆదేశానికి, ‘లో’, ‘కు’ వంటి ప్రత్యయానికి నడుమ ఖాళీ మీసాల బ్రాకెట్ల జత ఉంచాలి. మరచిపోతే ‘నిర్వచించని ఆదేశం’ అన్న సందేశం వస్తుంది. ఇది పలికే దోషం, క్షణంలో సరిచేసుకోవచ్చు.

దోషం వచ్చినప్పుడు

లాగ్‌లోని మొదటి దోషాన్నే ముందు చదవాలి. తరువాతివి చాలావరకు దాని సంతానమే. కారణం తెలియకపోతే అనుబంధ ఫైళ్లను తొలగించి మళ్లీ నడపాలి. అప్పటికీ తీరకపోతే పాఠంలో సగాన్ని తాత్కాలికంగా తీసివేసి దోషం ఏ సగంలో ఉందో చూడాలి. నాలుగైదు విడతల్లో వరుస దొరుకుతుంది. పొడవైన తెలుగు సమాసాలు అంచు దాటితే పాలీగ్లోసియా ద్వారా భాషను తెలుగుగా ప్రకటించాలి. పదవిభజన నియమాలు అమల్లోకి వస్తాయి. పత్రిక వర్డ్ ఫైలునే కోరితే పాండాక్ సాధనంతో మార్చవచ్చు గాని పట్టికలను తిరిగి సరిచూడక తప్పదు. లెక్కలు, పట్టికలు తక్కువగా ఉన్న రెండు పుటల కరపత్రానికి లాటెక్ అవసరమే లేదు.

దోష సందేశం లేకుండా పీడీఎఫ్ తయారైందంటే పత్రం సరిగా ఉందని అర్థం కాదు. ముద్రణకు పంపే ముందు ఎరువుల మోతాదులు, మందుల పరిమాణాలు, పట్టికల్లోని ప్రతి అంకె, ప్రతి గుర్తు అచ్చు ప్రతిలో ఉన్నాయో లేదో క్షేత్ర నమోదు పుస్తకంతో పోల్చి మరొకరి చేత చదివించాలి. ఆ పని ఏ ఇంజనూ చేయదు.