టెట్రిస్ కంటే దాని పాటే పాతది

మీకు తెలుసా? టెట్రిస్ అనగానే చెవిలో మోగే ఆ హుషారైన బాణీ వీడియో గేమ్ కోసం కట్టింది కాదు. అది ‘కొరొబెయినికి’ అనే రష్యన్ జానపద గీతం. సాహిత్యానికి మూలం నికొలాయ్ నెక్రాసోవ్ 1861లో రాసిన కావ్యం. ఊరూరా తిరిగి సరుకులమ్మే ఓ కుర్రాడికీ, పల్లెపడుచుకీ మధ్య సాగే బేరమూ వలపూ అందులోని కథ.

అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో టెట్రిస్ ఆటను తయారుచేశాడు. 1989లో అది నింటెండో గేమ్ బాయ్ మీదికి వచ్చినప్పుడు, స్వరకర్త హిరొకాజు తనాకా ఈ పాటను నాలుగే ధ్వని చానెళ్లున్న ఆ బుల్లి యంత్రానికి తగ్గట్టు మలిచాడు. గాయకుడు లేడు, వాద్యబృందం లేదు. అయినా పాట ప్రాణం పోలేదు. ఒక బాణీ సత్తాకు ఇంతకంటే గట్టి పరీక్ష ఏముంటుంది!

అదే ఆటలో బాఖ్ ‘ఫ్రెంచ్ సూట్ 3’లోని మెన్యుయెట్ కూడా ఉంది. టీవీకి తగిలించి ఆడే నింటెండో టెట్రిస్‌లోనైతే చైకోవ్‌స్కీ 1892 నాటి ‘నట్‌క్రాకర్’ బ్యాలే సంగీతం వినిపిస్తుంది.

1992లో ‘కొరొబెయినికి’ డాన్స్ రికార్డుగా మారి బ్రిటన్ పాప్ చార్టులో 6వ స్థానానికి ఎక్కింది. దాని వెనక ఉన్నది సంగీత నాటకాల స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబ్బర్. తర్వాత ఎ.ఆర్. రెహమాన్‌తో ‘బాంబే డ్రీమ్స్’ సంగీత నాటకం చేయించిందీ ఆయనే.