బీరువాలోంచి బజారుకు...

పీహెచ్‌డీ అంటే పరీక్షకులు చదివి సంతకం పెట్టాక బీరువాకెక్కే పుస్తకమేనా? కానక్కర్లేదు. అబిడ్స్, నాంపల్లి వీధుల చరిత్ర తిరగేస్తే చాలు... పరిశోధన పండిత గదుల్లోంచి సామాన్యుడి ఇంటికి నడిచొచ్చిన దారి కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద మాత్రం పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. ఎంట్రన్స్ గైడ్లు, ఇంగ్లిషు నవలలు, అట్టలూడిన నిఘంటువులు... అన్నీ కలిసిన గుట్టల్లో అప్పుడప్పుడూ ఓ పరిశోధన గ్రంథమూ చేతికి తగులుతుంది. పేరు చూస్తే పెట్టేయాలనిపిస్తుంది. లోపల తిప్పితే మాత్రం మన ఊరి జాతరో, అమ్మమ్మ తిరగలి దగ్గర పాడిన పాటో పలకరిస్తుంది. ‘అరె, ఇది మన సంగతే!’ అనిపిస్తుంది.

అసలు తిరకాసు అక్కడే ఉంది. సాహిత్యం మీదా చరిత్ర మీదా పరిశోధన చేసేవాళ్లకు ముడిసరుకు ఇచ్చేది జనమే. పాట పాడేది ఓ ముసలమ్మ. శాసనం ఉన్న బండ చూపించేది ఓ రైతు. తాటాకుల కట్ట అటక మీంచి దింపి ఇచ్చేది ఓ పాత ఇంటి పెద్ద. విశ్వవిద్యాలయం నడిచేదీ ఎక్కువగా ప్రజల డబ్బుతోనే. మరి వాళ్ల దగ్గర తీసుకున్నది వాళ్లకు తిరిగి చేరుతోందా?

దివాను చేసిన పని

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. వందేళ్ల కిందటే హైదరాబాద్‌లో దీనికి జవాబు వెతికారు. 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని సుల్తాన్‌బజార్‌లో ఆ గ్రంథాలయం నేటికీ ఉంది. ఆ మిత్రబృందమే 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని పెట్టింది.

దాని వెనక ఉన్న మనిషి కొమర్రాజు లక్ష్మణరావు. ఎమ్మే చదివారు, మునగాల సంస్థానానికి దివానుగా పనిచేశారు, శాసనాలు చదవడంలో దిట్ట. కావాలనుకుంటే పండితుల కోసమే రాసుకుంటూ కూర్చోవచ్చు. ఆయన మాత్రం చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు తెలుగు మాత్రమే వచ్చిన వాళ్లకూ అందాలన్నారు. మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వంటివి వచ్చాయి. మండలి కొన్నాళ్లకే మద్రాసుకు మారినా, పుట్టిల్లు మాత్రం హైదరాబాదే.

తెలుగులో ఓ విజ్ఞాన సర్వస్వం తేవాలన్నది లక్ష్మణరావు కల. మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. పని మధ్యలో ఆగింది. ఆశ ఆగలేదు. ఉస్మానియా ఆచార్యులు ఖండవల్లి లక్ష్మీరంజనం పూనికతో 1958 నుంచి ‘సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం’ సంపుటాలు హైదరాబాద్ నుంచే వెలువడ్డాయి.

కావ్యాల్లో కూరగాయలు!

1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి తరగతులు గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోనే నడిచాయి. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం ఆ రోజుల్లో పెద్ద సాహసం. పాఠ్యపుస్తకాల అనువాదానికే ఓ ప్రత్యేక విభాగం ఉండేది. కాకపోతే ఆ దేశభాష ఉర్దూ. తెలుగువాళ్ల చరిత్ర తెలుగులో చెప్పే బాధ్యత చాలావరకు విశ్వవిద్యాలయం బయట ఉన్నవాళ్ల మీద పడింది. లాయర్లు, పత్రికల వాళ్లు, గ్రంథాలయాల వాళ్లే పరిశోధకులయ్యారు. లక్ష్మణరావు పేరున ఏర్పడిన పరిశోధక మండలి ఊరూరా శాసనాలు సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది.

అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డిదీ అదే బాట. 1926లో ‘గోలకొండ’ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు వాదనతో కాదు, లెక్కతో జవాబిచ్చారు. 1934లో తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులున్నారు!

ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికారు. ఆధారాలెక్కడివి? పాల్కురికి సోమనాథుడి రచనలు, క్రీడాభిరామం, హంసవింశతి... పండితులు అలంకారాలు చూసే చోట ఆయన కూరగాయలూ నగలూ పందేలూ చూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన తొలి పురస్కారం ఈ పుస్తకానికే దక్కింది. పరిశోధన గ్రంథమైనా, ఇప్పటికీ మామూలు పాఠకులు కొని చదువుకుంటున్నారు. అందులో వాళ్ల ముత్తాతలు కనిపిస్తారు మరి!

పాట కోసం పల్లెకు

తర్వాతి తరంలో విశ్వవిద్యాలయమే గడప దాటింది. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా నుంచి డాక్టరేటు అందుకున్నారు. ఊళ్లలో నాట్లేసేవాళ్లు, విసిరేవాళ్లు పాడే పాటకు విశ్వవిద్యాలయం పట్టం కట్టడమంటే అప్పట్లో చిన్న విషయం కాదు. ఆ సిద్ధాంత వ్యాసం పుస్తకంగా వచ్చాక ఎందరో పల్లెలకు దారి పట్టారు.

ఆధునిక కవిత్వంపై సి.నారాయణరెడ్డి పరిశోధనదీ ఇలాంటి కథే. 1962లో డాక్టరేటు వచ్చింది. అదే ఏడాది ‘గులేబకావళి కథ’ పాటలతో ఇంటింటికీ పరిచయమయ్యారు. ఆ సిద్ధాంత గ్రంథం తెలుగు చదివే విద్యార్థులకు తరతరాలుగా తోడుంటోంది. పండితుడూ పాటల రచయితా ఒక్కరే అయితే గోడ ఎక్కడుంటుంది?

చెవికి అందిన చదువు

పుస్తకం కొనలేని వాళ్లకు ఉపన్యాసం ఉంది. బొగ్గులకుంటలోని సారస్వత పరిషత్తు 1943లో మొదలైంది. విశారద వంటి పరీక్షలు పెట్టి, బడికి దూరమైన వాళ్లకు సాహిత్యం దగ్గర చేసింది. సాహిత్య సభలతో పండితుల మాట జనం చెవిన వేసింది. ఇప్పుడది తెలంగాణ సారస్వత పరిషత్తు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయం కూడా సభలూ పుస్తకావిష్కరణలతో నగరవాసులకు చిరునామా అయింది. 2025లో రాష్ట్ర శాసనసభ దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేయని పరిశోధకుడి పేరు విశ్వవిద్యాలయానికి!

అదే తోటలో 1930 నాటి మ్యూజియం ఉంది. పిల్లలు మమ్మీని చూడ్డానికే వస్తారు. వస్తూపోతూ శాసనాలూ శిల్పాలూ చూస్తారు. పురావస్తు పరిశోధన ఇంటిల్లిపాదికీ అందడమంటే అదే.

తెర మీదికొచ్చింది... ఇంటికి?

ఇప్పుడు బీరువా తాళం తీసే ఉంది. యూజీసీ 2009 నిబంధనల తర్వాత సిద్ధాంత వ్యాసాలు ‘శోధ్‌గంగ’ వెబ్‌సైట్లో చేరుతున్నాయి. తెలుగువీ ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. కానీ కనిపించడం వేరు, చదివించడం వేరు. వందల పేజీలు, పరిభాష, ప్రతి వాక్యానికీ ఓ ఉల్లేఖన... మామూలు పాఠకుడు రెండో పేజీకే అలిసిపోతాడు.

కొమర్రాజు, సురవరం, బిరుదురాజు చేసింది చూస్తే సూత్రం తేలికే. జనానికి సంబంధించిన ప్రశ్న ఎంచుకోవాలి. జనానికి తెలిసిన భాషలో చెప్పాలి. ఆధారం మాత్రం వదలకూడదు. మూడోది మరిస్తే పుక్కిటి పురాణమవుతుంది. మొదటి రెండూ మరిస్తే మళ్లీ బీరువానే గతి. పరిశోధన ఇంటికి రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. సెల్‌ఫోన్‌లో తిరిగే కట్టుకథ వచ్చి చరిత్రలా కూర్చుంటుంది.

పాఠకుల వంతూ ఉంది. ఇంట్లో బామ్మ పాడే పాటను అడిగి రాసుకోవచ్చు. ఊరి శాసనం మీద సున్నం వేయకుండా ఆపొచ్చు. పిల్లల్ని ఓసారి పబ్లిక్ గార్డెన్స్‌కో, భాషా నిలయానికో తీసుకెళ్లొచ్చు.

ఈసారి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏదైనా పరిశోధన గ్రంథం కనిపిస్తే, పేరు చూసి పక్కన పెట్టేయకండి. మధ్యలో ఎక్కడైనా తెరిచి ఒక్క పేజీ చదవండి. అందులో మీ ఊరే ఉండొచ్చు!